ప్రతిధ్వనిని లెక్కగట్టి కట్టుట



నూతిలోనికి తొంగిచూచి కేక వేయని బాలుడు మన పల్లెలలో నుండడు. ఆ కేకకు నుయ్యి బదులు పలుకును. ఊరి చివరి కొండయు బదులు పలుకును. కాని యా రెండు బదుళ్లు నొక్క తీరువి కావు. కొండ మన మాటను కొంత తడవునకు ఉన్నదున్నట్లు మరల నప్పగించును. నుయ్యి యట్లు గాక మాటను నానా ముక్కలు చేసి, ఒకదానిపై నొకటి పేర్చి, హోరుగా సాగదీసి మెల్లగా చల్లార్చును. మొదటిదానిని నేటి సంగీతయంత్రములవారు డిలే యనియు, రెండవదానిని రివర్బ్ అనియు వ్యవహరించుచున్నారు. మొదటిది ప్రతిధ్వని. రెండవదానికి అనురణనమను పేరు చక్కగా నొప్పును; గంట మ్రోగిన పిమ్మట నిలుచు మ్రోతను మన యాలంకారికులు ఆ పేరనే పిలిచి, వ్యంగ్యార్థమును దానితో పోల్చిరి. ఈ రెంటిని అరచేతియంత పెట్టెలో, ఇంటియొద్దనే కట్టుకొను విద్యనుగూర్చి నేడు కొంత చెప్పెదను.

గిటారు వాయించువారు కాలిక్రింద నుంచుకొను ఆ చిన్న లోహపు పెట్టెను పెడల్ అందురు. గిటారు తీగ దానిలోనికి పోవును. ధ్వని మార్పు చెంది వెలికి వచ్చును. మీ యింట చదువుకొను మనుమడెవడైన రాత్రివేళ సోల్డరింగు ఐరను చేతబట్టి, పొగ నడుమ అట్టి పెట్టెపై వంగియుండుట మీరు చూచియే యుందురు. ఇది బజారున దొరకదా, ఈ శ్రమ యేల యని గద్దించియు నుందురు. దొరకును. కాని కొన్న పెట్టెలో నున్నది యెవరో తలచిన గది, ఎవరో తలచిన కొండ. తన పాటకు దగిన గదిని తానే కట్టుకొనవలెనన్నచో లెక్క తెలియవలెను, చెవియు తెలియవలెను.

ముందు లెక్క చూతము. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. అసలు మాట, మరలి వచ్చిన మాట వేర్వేరుగా వినబడుటకు నడుమ సెకనులో పదవవంతైనను ఉండవలెను. కావున గోడ 17 మీటర్లకు తక్కువ దూరమున నున్నచో ప్రతిధ్వని విడిగా తెలియదు. అర సెకనుకు బదులు రావలెనన్న బండరాయి 85 మీటర్ల దూరమున నుండవలెను. అంత దూరమును పెట్టెలో ఇముడ్చుట యెట్లు?

పూర్వము అయస్కాంతపు టేపుపై ధ్వనిని ముద్రించి, కొంత దూరమున దానిని మరల చదివించిరి. 1959లో అమెరికాలో వెలసిన ఎకోప్లెక్స్ అట్టిది. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలోని సాంగ్‌స్టర్, టీర్ అను వారు వేఱొక ఉపాయము కనుగొనిరి. గడ్డివామి అంటుకొన్నప్పుడు మనవారు చెఱువు మొదలుకొని వరుసగా నిలిచి నీటి బిందెలను చేతినుండి చేతికి అందించుకొందురు గదా. ఆ తీరుననే వారి చిప్పులో విద్యుత్తు ఒక గదినుండి మఱియొక గదికి అందుకొనుచు పోవును. తుదకు చేరునప్పటికి కాలము జరుగును, అదియే ప్రతిధ్వని. అయితే చేయి మారినప్పుడెల్ల కొంత నీరు తొలకును. వరుస నిడుపైనకొలది ధ్వని మసకబారును.

డిజిటల్ పద్ధతిలో బిందె లేదు, ఉన్నది పద్దుపుస్తకము. కీత్ బార్ అను అమెరికా దేశస్థుడు 1970ల దశాబ్దములో ఎం.ఎక్స్.ఆర్. అను పెడళ్ల సంస్థను నెలకొల్పినవారిలో నొకడు, 1984లో అలెసిస్ సంస్థను స్థాపించెను, 2010లో మరణించెను. ఆయన స్పిన్ సెమికండక్టర్ పేర వెలువరించిన ఎఫ్.వి.-1 అను చిప్పు ఇంటియొద్ద పెడల్ కట్టువారికి పెన్నిధి యయ్యెను. చేతి గడియారములో నుండు స్ఫటికమునే దానికి తగిలించినచో, అది ధ్వనిని సెకనునకు 32,768 మార్లు కొలిచి సంఖ్యలుగా వ్రాసికొనును. దాని పద్దుపుస్తకమున పంక్తులును 32,768 మాత్రమే. అనగా సరిగా నొక్క సెకను జ్ఞాపకము. పుస్తకము నిండగానే మొదటి పంక్తికి పోయి పాత లెక్కపై క్రొత్తది వ్రాయును. వ్రాయుచున్న చోటికి 16,384 పంక్తుల వెనుక చదివినచో అర సెకను క్రిందటి ధ్వని వినబడును. 85 మీటర్ల దూరపు బండరాయి యట్లు పెట్టెలోనికి వచ్చినది.

ఒక్కొక్క కొలతకు దానికి మన మొసగదగిన ఆజ్ఞలు 128కి మించరాదు. తలచినదంతయు నందులోనే ఇమడవలెను. నూటికి పైచిలుకు పద్యములతో శతకము ముగించు కవి యిబ్బంది వంటిదే యిదియు. ఆ కట్టుబాటే పనివానికి పొదుపు నేర్పును. పెట్టెపై మూడు మరలు పెట్టవచ్చును: కాలము, పునరావృత్తి, స్వరచ్ఛాయ. చదివిన సంఖ్యలో సగమును మరల పుస్తకములో వ్రాసినచో రెండవ ప్రతిధ్వని సగము, మూడవది పాతిక, ఇట్లు పదిమార్లు తిరుగునప్పటికి వేయింట నొకవంతునకు తగ్గి అణగిపోవును. సగమునకు బదులు పూర్తిగా వ్రాసినచో అది చావదు. అంతకు మించినచో పెరిగి పెరిగి అఱచును. వెలి లోకపు గోడ సన్నని స్వరములను ఎక్కువగా మ్రింగును గనుక, తిప్పిన ప్రతిసారియు నా స్వరములను కొంత తఱుగునట్లు ఆజ్ఞ చేర్చవలెను. లేనిచో ప్రతిధ్వని రేకుడబ్బాపై గులకరాళ్లు రాలినట్లుండును.

అనురణన మింతకంటె కష్టము. బెల్ పరిశోధనశాలలోని మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1962లో దీనికి మార్గము చూపెను. సెకనునకు వేయి ప్రతిధ్వనులైనను లేనిచో చెవి వానిని విడివిడిగా పట్టివేయునని యాయన గ్రహించెను. నాలుగు ప్రతిధ్వని చక్రములను ప్రక్కప్రక్కన తిప్పి, ఆ మొత్తమును మఱి రెండు చిన్న చక్రములగుండ పోనిచ్చి చిక్కబఱచెను. ఇక్కడ నొక సూక్ష్మము కలదు. చక్రముల నిడివులు ఒకదానితో నొకటి పొసగరాదు. ఆరక్షరముల తాళమును ఎనిమిదక్షరముల తాళమును కలిసి నడచినచో 24వ అక్షరమునకే కలియును. ఏడు, ఎనిమిది నడచినచో 56 వఱకు కలియవు. చక్రములు తఱచుగా కలిసినచో ఆ చోట్ల ధ్వని గుప్పుమని, గది బదులు గొట్టము వినబడును. కావుననే పనివారు ఉమ్మడి భాజకములు లేని సంఖ్యలను వెదకి వేయుదురు. బడిలో పిల్లలు విసుగుకొను ఆ పాఠము ఇక్కడ చెవికి వినబడును.

ఇక నాకు ముఖ్యమైన మాట. మన పౌరాణిక నాటకముల మైకుసెట్లలో ఎకో మరను చివరివఱకు త్రిప్పి విడుచుట వాడుక యైనది. పాదాంతమున నటుడు రాగము తీయునప్పుడు అది యింపుగానే యుండును. పద్యము నడచునప్పుడు మాత్రము వెనుకటి అక్షరము ముందటి అక్షరముపై పడి, యతి తెలియక, ప్రాస తెలియక, తుదకు భావమే తెలియక పోవుచున్నది. ముందు వరుసలో కూర్చున్న వృద్ధులు పద్యము తమకు కంఠస్థము గనుక నర్థము చేసికొనుచున్నారు. పిల్లలకు హోరే మిగులుచున్నది. పద్యము నిలువవలెనన్న నిది చిన్న విషయము కాదు.

పెడల్ కట్టు కుఱ్ఱవానియొద్ద దీనికి మందు కలదు. అసలు ధ్వనికిని అనురణన ప్రారంభమునకును నడుమ సెకనులో ముప్పదవవంతు ఎడము విడిచినచో అక్షరము ముందుగా స్పష్టముగా చెవి చేరును. లోనికి వచ్చు ధ్వని బలమును కొలిచి, అది బలముగా నున్నంతసేపు ప్రతిధ్వనిని అణచి, విరామము రాగానే పైకి లేపునట్లును ఆజ్ఞ వ్రాయవచ్చును. గిటారు వాయించువారు దీనిని చాలకాలముగా వాడుచున్నారు. అయితే గిటారు పెట్టెను నేరుగా మైకునకు తగిలింపరాదు. మైకు విద్యుత్తు మిక్కిలి బలహీనము, ముందుగా పెంచవలెను. మఱియొక జాగ్రత్త: పెడళ్లకు 9 వోల్టులు వాడుక, ఎఫ్.వి.-1కు 3.3 వోల్టులే చాలును. నడుమ రెగ్యులేటరు లేక తగిలించినచో చిప్పు మాడును.

మనుమడు పెట్టె ముగించి తెచ్చిన నాడు ఇట్లు పరీక్షింపుడు. గిటారుపై ఒక్క తీగను మీటించి, వెంటనే అరచేత అణపించి, మ్రోత యెంతసేపు నిలుచునో లెక్కింపుడు. అది చల్లారునప్పుడు మెత్తగా చల్లారుచున్నదా, గొట్టపు మ్రోత వచ్చుచున్నదా వినుడు. పిమ్మట సరియైన సరంజామాతో మైకు తగిలించి, మీకు రాని పద్య మొకదానిని అతనిచేత చదివించి, మీరు విన్నది కాగితముపై వ్రాయుడు. ఏ అక్షరమైన తప్పినచో ఎడము పెంచుమనుడు; అప్పటికిని తప్పినచో పునరావృత్తి తగ్గించి, వేఱొక పద్యము చదువుమనుడు.