కణంలో కబుర్లు – ప్రతిదేహాల సాక్ష్యం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కీళ్ళవాతంతో పొద్దున్నే వేళ్ళు ముడవలేని అమ్మీలు, నానీలు మన ఇళ్ళలో ఉన్నారు. "ఈ వాపు ఎందుకొస్తుంది బాబూ?" అని నన్ను అడుగుతుంటారు. నా పని ఆ ప్రశ్నకు సంబంధించిందే గనుక నాలుగు మాటలు మనవి చేస్తాను.

రోగక్రిములు ప్రవేశిస్తే మన ఒంట్లో ప్రతిదేహాలు, అంటే యాంటీబాడీలు, తయారవుతాయి. తాళానికి దాని చెవే పట్టినట్లు, ఒక్కో ప్రతిదేహం ఒక్కో ఆకారాన్ని పట్టుకుంటుంది. ఒకే రకం ప్రతిదేహాన్ని కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ప్రకటించారు. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

వీటితో కణం లోపలి సంగతులు పట్టవచ్చు. వేడి, ఉప్పు వంటి వత్తిడి తగిలితే పి-38 అనే ప్రోటీనుకు ఫాస్ఫేటు అతుక్కుంటుంది. పని మొదలుపెట్టమని అది హుకుం. అలా ఫాస్ఫేటు అతుక్కున్న పి-38ను మాత్రమే పట్టే ప్రతిదేహాలున్నాయి. ఇక 1986లో అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ వెల్లడించిన ఎన్.ఎఫ్. కప్పా-బి సంగతి. ఇది మామూలుగా కేంద్రకం బయట కట్టుబడి ఉంటుంది. టి.ఎన్.ఎఫ్. అనే వాపు కబురు అందగానే, నిమిషాలలో కట్టు తెంచుకుని కేంద్రకంలోకి పోయి, వాపు పెంచే జన్యువులను మేల్కొలుపుతుంది. ప్రతిదేహానికి మెరిసే రంగు తగిలించి సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ ప్రయాణం కళ్ళారా కనబడుతుంది.

అయితే ప్రతి సాక్షీ నిజం చెప్పడు. నేను కొన్న ఒక ప్రతిదేహం వేరే ప్రోటీనును పట్టుకుంటున్నదని తెలియక ఆరు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి ఆ జన్యువును తీసివేసిన కణాల మీద పరీక్షిస్తే, లేనిదాన్ని కూడా "ఉంది" అన్నది! ఫలితాలన్నీ కొట్టివేశాను. సిగ్గుపడుతూ ఇంటికి వెళితే అబ్బాజాన్ అన్నారు: "ఖాజీగారైనా ముందు సాక్షిని విచారిస్తారు. నువ్వు ఆలస్యంగా విచారించావు, అంతే."

ఈ విచారణ వల్లనే మందులు పుట్టాయి. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ప్రతిదేహాన్ని 1999లో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతించారు. టి.ఎన్.ఎఫ్. మనల్ని క్షయ నుంచి కాపాడుతుంది కూడా. కాబట్టి ఇటువంటి ఇంజెక్షన్‌కు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఆ పరీక్ష ఎగ్గొట్టవద్దని, ఎవరో చెప్పారని మందు మధ్యలో ఆపవద్దని అమ్మీలను, నానీలను వేడుకుంటున్నాను.

సైన్సు చదువుతామనే మన ఆడపిల్లలకు, మగపిల్లలకు సొసైటీ చేయూతనివ్వాలని కోరుతూ సెలవు తీసుకుంటాను. ఖుదా హాఫిజ్.