స్పిన్‌ను తెలుగులో ఏమందాము?

పొన్నూరు ప్రాంతంలో స్పిన్నింగు అనగానే ప్రత్తి, నూలు మిల్లు గుర్తుకు వస్తాయి. నూలు వడకడానికీ, బొంగరం తిరగడానికీ ఇంగ్లీషులో మాట ఒక్కటే. మనకు రెండు. ఏకును వడుకుతాము, బొంగరాన్ని త్రిప్పుతాము. మరి భౌతికశాస్త్రజ్ఞులు ఎలక్ట్రానుకు ఉన్నదని చెప్పే స్పిన్‌ను ఏమందాము?

మొదట తోచే మాట ఆత్మభ్రమణం. భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణమని పిల్లలు చదువుకొనే ఉన్నారు. 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే డచ్చి యువకులు ఈ భావాన్ని ప్రతిపాదించినప్పుడు వారి మనస్సులోనూ ఉన్నది బొంగరమే. కాని లెక్క కట్టి చూడగా, అంత చిన్న కణం నిజంగా బొంగరమైతే దాని అంచు కాంతికంటె ఎన్నో రెట్లు వేగంగా తిరుగవలసి వస్తుంది. అది అసంభవం. పైగా బొంగరాన్ని ఒక చుట్టు త్రిప్పితే మొదటి స్థితికి వస్తుంది; ఎలక్ట్రాను స్థితి పూర్తిగా మొదటికి రావడానికి రెండు చుట్లు కావాలి. బొంగరం వేగం తగ్గవచ్చు, ఆగిపోవచ్చు. స్పిన్ పరిమాణం మారదు. ఏ దిశలో కొలిచినా దొరికే ఫలితాలు రెండే, ఎగువ, దిగువ.

కనుక ఆత్మభ్రమణమని నేర్చిన విద్యార్థి తప్పు బొమ్మను మనస్సులో నిలుపుకొంటాడు. పై తరగతిలో దానిని చెరపడం అధ్యాపకునికి ఎంత కష్టం! స్పిన్ అన్న మాటనే ఉంచుకోవడం మేలు. ఇంగ్లీషు మాటలోనూ అదే దోషం ఉన్నది గదా అంటారా? ఉన్నది. కాని తెలుగు చెవికి అది నూలు మిల్లును తప్ప మరేమీ స్ఫురింపజేయని పేరు. ఇక్కడ అదే రక్షణ.

స్పిన్ మనవారికి పరాయిది కాదు. కృష్ణా జిల్లావారైన సూరి భగవంతం గారు రామన్ గారితో కలసి, కాంతికణానికి స్పిన్ కలదని ప్రయోగపూర్వకంగా నిరూపించినట్లు 1932లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

ఇనుమువంటి అయస్కాంత లోహాలలో ఒక దిశ స్పిన్‌లు రెండవదానికంటె హెచ్చు. దీనిని స్పిన్ ధ్రువణం అనవచ్చు. సూదంటురాయి సూదిని పట్టుకొనే బలం ఈ హెచ్చుతగ్గులలోనిదే. ఇనుము, క్రోమియముల పలుచని పొరలలో అయస్కాంత దిశలు మారితే విద్యుత్ నిరోధం ఎంతో మారుతుందని ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్ 1988లో వేర్వేరుగా కనుగొన్నారు. కంప్యూటరు హార్డ్ డిస్కులను చదివే సాధనం ఆ దారిలో వచ్చినది. 2007లో వారికి నోబెల్ బహుమతి లభించినది.

సిలికాన్ వంటి అర్ధవాహకంలో ఎగువ, దిగువ స్పిన్‌లు మామూలుగా సమానం. అయస్కాంత లోహంనుండి ధ్రువణం గల ఎలక్ట్రానులను అందులోనికి పంపడాన్ని స్పిన్ ఇంజెక్షన్ అంటారు. రోగికి సెలైన్ ఎక్కించినట్లు, 'స్పిన్ ఎక్కించడం' అంటే సరిపోదా? అన్నట్లు, అర్ధవాహకంలో కావాలని కలిపే అణువులను మాలిన్యాలనడం నాకు నచ్చదు. పాలకు తోడు వేసినట్లు, రవ్వంత వేసి గుణం మార్చుకొంటున్నాము. అది మలినమెట్లా అవుతుంది? 'తోడు అణువులు' అనరాదా?