సామమా, దండమా?

పరదేశములలో ఒక వర్గమువారు తమ ప్రభుత్వముపై ఆయుధములెత్తినపుడు ఆ తిరుగుబాటు మాన్పుటకు రాయబారము మేలా, సైన్యము మేలా అను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది మంత్రులకును సేనానులకును సంబంధించినది గదా, పల్లెపట్టున నుండు మనకేల యని మీరనుకొనవచ్చును. నాకును ఒకప్పుడు ఆ సందేహమే యుండెడిది. దానిని పోగొట్టినవాడు ఒక వృద్ధుడు.

ఒక పెండ్లిలో ఆయన నా ప్రక్కను కూర్చుండెను. ఆయన తమ్ముడు 1987లో మన సైన్యముతో లంకకు పోయి తిరిగి రాలేదు. ఆయన నన్నిట్లడిగెను: “పంతులుగారూ! సంధి కుదిరినది, దానిని కాపాడుటకే పోవుచున్నామని మావాడు జాబు వ్రాసెను. దసరా వెళ్ళి దీపావళి రాకముందే వాడు పోయినట్లు తంతి వచ్చెను. సంధి కుదిరినచోట యుద్ధమెట్లు వచ్చినదండీ?” ఆనాడు నేను బదులు చెప్పలేకపోతిని. ఈ ప్రసంగము ఆయనకు నేను బాకీపడిన సమాధానము.

సామ దాన భేద దండములని మన పూర్వులు నాలుగుపాయములు చెప్పిరి. దండమును కడపట నుంచుటలోనే వారి యభిప్రాయము తెలియుచున్నది. అయినను భారతమున శ్రీకృష్ణుని రాయబారమే విఫలమయ్యెను. ఐదూళ్ళైనను ఇమ్మన్న ధర్మరాజునకు సూదిమొన మోపినంత నేలయైనను దక్కలేదు. కావున రాయబారము ప్రతిసారియు ఫలించునని నేను చెప్పను. ఎప్పుడు ఫలించును, ఎప్పుడు ఫలింపదు అనునదే విచారింపదగినది. అందుకు రెండు తీరముల కథ చెప్పెదను.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సుమత్రా దీవి చెంత సముద్రగర్భమున భూమి కంపించి గొప్ప ఉప్పెన లేచెను. మన ఆంధ్రతీరమునను సుమారు నూరుమందిని అది పొట్టనబెట్టుకొన్నది. లంకలో 30,000 మందికి పైగా మరణించిరి. ఇండొనీషియా దేశములో, సుమత్రా ఉత్తరపు కొనయందున్న అచే అను సీమలో 1,60,000 మందికి పైగా నశించిరి. లంకలోను అచేలోను అప్పటికే దశాబ్దములుగా తిరుగుబాటులు సాగుచుండెను. ఒకే కెరటము రెండు తీరములను కొట్టినది. ఒకచోట ఏడాది కాలములో తుపాకులు విరుగగొట్టిరి. రెండవచోట కొలదికాలమునకే యుద్ధము మరల రగిలెను. ఈ భేదమెందువలన కలిగెను?

ముందుగా లంక మాట. 1956లో అచ్చటి ప్రభుత్వము సింహళభాష నొక్కదానినే రాజభాషగా శాసించెను. ఉత్తరమునను తూర్పునను నివసించు తమిళులకు కొలువులందును కచేరీలందును తమ భాషకు చోటు లేదను బాధ కలిగెను. 1957లో ప్రధాని బండారనాయక తమిళనాయకుడగు చెల్వనాయకముతో ఒడంబడిక చేసికొని, మరుసటి యేడు తానే దానిని రద్దుచేసెను. మాట తప్పినచోట పగ మొలచును. 1983 జూలైలో కొలంబో మున్నగు పట్టణములలో తమిళుల యిండ్లును అంగళ్ళును తగులబడెను, ప్రాణములు పోయెను. అటుపిమ్మట యువకులనేకులు ఆయుధములు పట్టిరి. వారిలో ప్రభాకరన్ నడపిన పులుల దళము తక్కిన దళములను అణచి ప్రబలమయ్యెను. ఆ దళములకు మన దేశమున ఆశ్రయమును శిక్షణయు దొరకిన మాటయు దాచదగినది కాదు.

1987 జూలై 29వ తేదీన మన ప్రధాని రాజీవ్ గాంధీయు లంకాధ్యక్షుడు జయవర్ధనేయు కొలంబోలో ఒప్పందము చేసికొనిరి. రాష్ట్రములకు శాసనమండలులు, తమిళమునకు గౌరవస్థానము, దళములు ఆయుధములను అప్పగించుట అనునవి అందలి షరతులు. షరతులు చెడ్డవి కావు. కాని ఆ కాగితముపై పులుల చేవ్రాలు లేదు. శాంతిని కాపాడుటకు పోయిన మన సైన్యము అక్టోబరు నెలలో ఆ పులులతోనే పోరాడవలసి వచ్చెను. ఆ పోరులో అచ్చటి పౌరులును మడిసిరి. తుదకు లంక ప్రభుత్వమే మన సైన్యమును పొమ్మన్నది. 1990 మార్చిలో తిరిగి వచ్చునాటికి మన సైనికులు సుమారు 1,200 మంది ప్రాణములు కోల్పోయిరి. 1991 మే 21వ తేదీన శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ ఆ పులుల చేతనే హతుడయ్యెను.

ఆ వృద్ధుని ప్రశ్నకు సమాధానమిచ్చటనే యున్నది. మన యూళ్ళలో రామయ్యకును సోమయ్యకును గట్టు తగాదా వచ్చినదనుకొనుడు. సోమయ్యకు బాసటగా నున్న పొరుగూరి పెద్ద రామయ్యతో కూర్చుండి కాగితము వ్రాసికొని, పిమ్మట సోమయ్యను పిలిచి, “ఇదిగో తీర్పు; కఱ్ఱ క్రింద పెట్టుము” అన్నచో అతడు పెట్టునా? పెట్టనిచో ఆ పెద్దయే కఱ్ఱ పట్టవలసి వచ్చును. అప్పుడాయన మధ్యవర్తి కాడు, మూడవ కక్షిదారుడగును. అయ్యా, కుదిరినది రెండు ప్రభుత్వముల నడుమ సంధి. పోరాడుచున్నవారి నడుమ సంధి కాదు. అందువలననే సంధి కుదిరినచోట యుద్ధము వచ్చినది.

అట్లైన పోరాడువారే చేవ్రాలు చేసిన చాలునా యందురేమో. చాలదు. 2002 ఫిబ్రవరిలో నార్వే దేశపు మధ్యవర్తిత్వమున లంక ప్రభుత్వమును పులులును స్వయముగా ఒప్పందము చేసికొనిరి. కాని వారొప్పుకొన్నది తుపాకులు ఆపుటకే గాని తగవు తీర్చుకొనుటకు కాదు. 2003 ఏప్రిలులో పులులు చర్చలనుండి తొలగిపోయిరి. ఉప్పెన పిమ్మట 2005 జూనులో బాధితుల సహాయమును ఇరువురు కలిసి పంచుటకు ఒక యేర్పాటు జరిగెను. జూలైలో న్యాయస్థానము అందలి ముఖ్యభాగములను నిలిపివేసెను. ఆగస్టు 12వ తేదీన విదేశాంగమంత్రి కదిర్గామర్‌ను ఆయన యింటివద్దనే కాల్చి చంపిరి. ఆయనయు తమిళుడే.

ఆ తేదీని జ్ఞాపకముంచుకొనుడు. సరిగా మూడు దినములకు, 2005 ఆగస్టు 15వ తేదీన, దూరమున ఫిన్లాండు దేశపు రాజధాని హెల్సింకీలో ఇండొనీషియా ప్రభుత్వమును అచే తిరుగుబాటుదారులును శాశ్వతసంధిపై చేవ్రాలు చేసిరి.

అచే కథయు సుదీర్ఘమైనది. ఆ సీమలో వాయునిక్షేపములు బయల్పడెను. ధనము రాజధానియగు జకార్తాకు పోవుచున్నది, మాకేమియు మిగులుటలేదని ప్రజలు వాపోయిరి. 1976 డిసెంబరులో హసన్ ది తిరో అనువాడు స్వతంత్ర అచే ఉద్యమము నారంభించెను. ప్రభుత్వము సైన్యమును దింపెను. మూడు దశాబ్దములలో వేలకొలది జనము చచ్చిరి. సైన్యము ఒక యూరిలో తిరుగుబాటును అణచినకొలది, చచ్చినవాని కొడుకో తమ్ముడో అడవికి పోవుచుండెను. 2002 డిసెంబరులో ఒక సంధి కుదిరి, ఆరుమాసములు నిండకయే భగ్నమయ్యెను. 2003 మేలో సైనికశాసనము విధించి ప్రభుత్వము పెద్దయెత్తున దండెత్తెను. తిరుగుబాటుదారులు మిక్కిలి దెబ్బతినిరి, కాని నశింపలేదు.

2004 చివర అధ్యక్షుడైన యుధోయోనో స్వయముగా పూర్వసేనాని. తుపాకి ఎంతవరకు పనిచేయునో ఎరిగినవాడు. ఆయనయు ఉపాధ్యక్షుడు కల్లాయు ఉప్పెనకు మునుపే రహస్యముగా మాటలకు దారి వెదకుచుండిరి. ఉప్పెన ఆ దారిని వెడల్పు చేసినది. ఫిన్లాండు మాజీ అధ్యక్షుడు అహతిసారి మధ్యవర్తియై 2005 జనవరి మొదలు జూలై వరకు ఐదుమారులు ఇరుపక్షములను కూర్చుండబెట్టెను. అన్నియు తేలిన పిమ్మటనే ఏదియైనను తేలినట్లని ఆయన నియమము.

ఆ సంధిలో ఎవరేమి విడిచిరో చూడుడు. తిరుగుబాటుదారులు స్వతంత్రరాజ్యమను కోరికను విడిచిరి. ప్రభుత్వము అచేకు స్వపరిపాలనము, ఆ సీమ ప్రకృతిసంపదపై వచ్చు ఆదాయములో నూటికి 70 వంతులు, ప్రాంతీయపక్షములు పెట్టుకొను హక్కు, ఖైదీలకు క్షమాభిక్ష ఇచ్చుటకు సమ్మతించెను. ఆయుధములు 840 అప్పగింపవలెనని నిర్ణయము. అవి నాలుగు విడతలుగా ముక్కలు చేయబడెను. ఒక్కొక్క విడతకు సరిగా ప్రభుత్వసైన్యమును కొంత తరలిపోయెను. ఐరోపానుండియు ఆగ్నేయాసియా దేశములనుండియు వచ్చిన పరిశీలకులు లెక్క చూచిరి. 2005 ముగియునప్పటికి ఆ పని పూర్తియయ్యెను.

ఉప్పెన వచ్చినదినమున ఇర్వాండి యూసుఫ్ అను తిరుగుబాటుదారుడు చెరసాలలో నుండెను. నీరు గోడలను కూల్చుచుండగా అతడు కప్పు పగులగొట్టుకొని బ్రతికి బయటపడెను. 2006 డిసెంబరు ఎన్నికలలో ప్రజలు ఆయననే అచే పాలకునిగా ఎన్నుకొనిరి. ఆయన తరువాతి చరిత్ర నిష్కళంకము కాదు. లంచపు నేరమునకు 2019లో శిక్ష పడెను. సంధి మనుష్యులను దేవతలుగా చేయదు. కాని అడవిలో తుపాకితో తేల్చుకొనవలసిన పనిని ఎన్నికల పెట్టెవద్దకును న్యాయస్థానమునకును తెచ్చును. అది చిన్న మేలు కాదు.

ఇక లంకలో 2006నుండి ఘోరయుద్ధము జరిగి 2009 మేలో పులులు పూర్తిగా ఓడిరి, ప్రభాకరన్ మరణించెను. ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి నియమించిన నిపుణులు 2011లో ఇచ్చిన నివేదికలో, తుదినెలలయందు 40,000 మంది వరకు పౌరులు చచ్చియుండవచ్చునని చెప్పిరి. లంక ప్రభుత్వము ఆ లెక్క నంగీకరింపలేదు.

ఇచ్చట నాతో వాదింపగోరువారు రెండు మాటలనగలరు. లంకలో దండోపాయమే నెగ్గినది గదా యన్నది మొదటిది. నిజమే. పులులతో మాటలు సాగించుట ఎంత కష్టమో పైన చెప్పితిని. ఆ దళము అణగుట వలన బాంబుల భయము తొలగిన సంగతియు నిజమే. అచేలోను సైన్యము దెబ్బతీయకున్న తిరుగుబాటుదారులు స్వాతంత్ర్యపుకోరికను విడుతురా యన్నది రెండవది. దానిలోను సత్యమున్నది. పూర్తిగా గెలువజాలమని ఇరుపక్షములకు తెలియకముందు ఎవరును మెత్తబడరు. ఆ సంగతి తెలియజేయుటకు సైన్యము కొంత తోడ్పడినది.

కాని తరువాత జరిగినదానిని చూడుడు. లంక ఉత్తరరాష్ట్రమున ప్రజలు తమ మండలిని మొదటిసారి ఎన్నుకొన్నది 2013లో. అనగా 1987నాటి కాగితములోని మాట నెరవేరుటకు 26 సంవత్సరములును ఒక మహాయుద్ధమును పట్టినవి. అంత నెత్తురు కారినపిమ్మటను బల్లపై మిగిలినది 1957నాటి ప్రశ్నయే: ఒకే దేశములో ఇరువురు గౌరవముగా బ్రతుకుట యెట్లు? దండము తుపాకిని ఆపగలదు. తుపాకి పట్టించిన బాధను ఆపలేదు. ఆ బాధను తీర్చునది ఇచ్చిపుచ్చుకొనుటయే. సొంతసైన్యము విషయమే ఇట్లుండగా, పరాయిదేశమునుండి వచ్చిన సైన్యము మాట చెప్పనేల? దానికి ఇరుపక్షములును పగవారగుదురు.

పెద్దలారా! పొరుగుదేశమున మంట రేగినపుడెల్ల, సైన్యమును పంపుడని రచ్చబండమీద కేకలు వినబడును. ఆ సైన్యములో పోవలసినవారు మన పల్లెల బిడ్డలు. ఆ కేకలు వినబడినపుడు మీరు మూడు ప్రశ్నలడుగుడు. ఆయుధము పట్టినవారు ఆ సంధిపై చేవ్రాలు చేసిరా? ఇరువురును ఏదియో యొకటి విడిచిరా? ఇచ్చిన మాట నెరవేరుచున్నదో లేదో చూచువారు కలరా? మూడింటికిని ఔనని జవాబు వచ్చినచో సైన్యముతో పెద్దపని యుండదు. కాదని వచ్చినచో, పోవునది శాంతిదళమని ఎవరు చెప్పినను నమ్మకుడు, పోవునది యుద్ధమునకే.

కొలంబో చెంత మన సైనికుల పేర్లు చెక్కిన స్మారకశిల కలదు. ఆ వృద్ధుని తమ్ముని వంటివారి పేర్లవి. వారు చేసిన తప్పేమియు లేదు, పొమ్మన్నచోటికి పోయిరి. పంపుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు మిగిలినవారమగు మనవి. వానిని మరువకుండుటయే వారికి మనము తీర్చుకొనగల ఋణము.