పరదేశోద్యోగము: అర్హత, అనుమతి



నేను నివసించు సుబేదారి హనుమకొండలోని యొక పేట. నిజాము ప్రభుత్వపు దినములలో వరంగల్లు సుబాకు అధికారియైన సుబేదారు కొలువుండిన చోటగుటచే దీనికి ఈ పేరు వచ్చినది. నేడు సుబేదారును లేడు, ఆయన కచేరి వాకిట అర్జీలతో నిలుచు జనమును లేరు. కాని మన పల్లెల తలిదండ్రులు మరియొక వాకిటివైపు చూచుచున్నారు. అది పరదేశపు వాకిలి.

గత వేసవిలో నా పూర్వశిష్యు డొకడు మా యింటికి వచ్చెను. వాని చేతిలో రెండెకరముల పొలమునకు వ్రాయించిన అమ్మకపు కాగితము గలదు. సొమ్ము ముట్టజెప్పినచో కుమారునకు అమెరికాలో ఉద్యోగానుమతి తెప్పించెదనని ఒక మధ్యవర్తి చెప్పెనట. "పంతులుగారూ, సంతకము చేయుదునా?" అని వాడడిగెను. వానితో నేను చెప్పిన మాటలనే మీకును విన్నవింతును.

పరస్థలమునుండి వచ్చిన విద్యావంతునకు కొలువీయవచ్చునా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మొదటి సాలార్ జంగు కాలమున బంగాళదేశీయుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, ఎడింబరో విశ్వవిద్యాలయమున పట్టము పొందిన పండితుడు, హైదరాబాదునకు వచ్చి ఉన్నతవిద్యకు పునాదులు వేసెను. శ్రీమతి సరోజినీ నాయుడు ఆయన కూతురే. అట్టివానిని సైతము 1883లో, చాందా రైలుమార్గపు వ్యవహారమున ప్రభుత్వము నెదిరించినాడని, రాజ్యము వెడలగొట్టిరి. పిమ్మట మరల రానిచ్చిరి. 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారము, పుట్టుకచే ముల్కీ కానివాడు 15 ఏండ్లు ఇచట స్థిరముగా నుండి, స్వస్థలమునకు మరలిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్రము దాఖలు చేయవలసి యుండెను. 1952లో స్థానికులకే ఉద్యోగములు కావలెనని లేచినవారు మన వరంగల్లు, హనుమకొండ విద్యార్థులే. ఆ నిబంధనలు 1973లో రద్దయినవి. ఇట్లు మన యింటి వాకిటికి గడియ కావలెనన్న మనము, ఇతరులు తమ వాకిటికి గడియ పెట్టుకొన్నందుకు కోపింపరాదు. ఆ గడియ ఎట్లు తీయబడునో తెలిసికొనవలెను.

అమెరికావారి హెచ్ 1బి అనుమతి 1990 నాటి చట్టముచే ఇప్పటి రూపు దాల్చినది. దాని కర్హత మూడు కాళ్లపై నిలిచియున్నది. మొదటిది విద్య: ఉద్యోగమునకు సంబంధించిన శాస్త్రమున కనీసము బి.ఏ., బి.టెక్. వంటి పట్టముగాని, దానికి సమానమైన యోగ్యతగాని యుండవలెను. రెండవది ఉద్యోగము: అట్టి ప్రత్యేకవిద్య లేక చేయరాని పని కావలెను. మూడవది వేతనము: ఆ ప్రాంతమున ఆ పనికి చెల్లుచున్న జీతమునకు తక్కువ కారాదు. ముఖ్యముగా గమనింపుడు: దరఖాస్తు పెట్టువాడు యజమానియే, మన పిల్లవాడు కాడు. చట్టము విధించిన కొన్ని రుసుములను యజమాని తానే భరింపవలెను గాని పనివానినుండి రాబట్టరాదు.

ఈ మూడును కుదిరినను పని ముగియలేదు. ఏటికి 65,000 అనుమతులును, అమెరికాలోనే ఎం.ఏ., ఎం.ఎస్. వంటి పై చదువు చదివినవారికి మరి 20,000 అనుమతులును మాత్రమే మితి. అర్జీలు మితిని మించినప్పుడు కొందరినే ఏరుదురు. అనుమతి మొదట 3 ఏండ్లు, పొడిగింపుతో సాధారణముగా 6 ఏండ్లు. కొలువు పోయినచో వేరొక యజమానిని వెదకుకొనుటకు గడువు 60 దినములకు మించదు. శాశ్వతనివాసపు అనుమతులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి 7 పాళ్లకు మించి యీయరాదను నియమ ముండుటచే మనవారు ఏండ్లకేండ్లు వేచియుండవలసి వచ్చుచున్నది. 2025 సెప్టెంబరులో అచటి అధ్యక్షుడు, దేశము వెలుపలనున్నవారికై పెట్టు క్రొత్త దరఖాస్తునకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని ఉత్తర్వు చేసెను. అఘోరనాథుని కథ ఒక యుత్తర్వుతో మారినట్లే, నేటివారి కథయు మారవచ్చును. అర్హత వేరు, హక్కు వేరు.

జర్మనీలో నీలికార్డు అను మరియొక అనుమతి గలదు. అచటివారు అంగీకరించు పట్టము, కనీసము 6 నెలల ఉద్యోగపు ఒప్పందము, నిర్ణీత వేతనము కావలెను. 2025లో ఆ వేతనపు మితి ఏటికి 48,300 యూరోలు. వైద్యులు, ఇంజనీర్లు మొదలగు కొరతగల వృత్తులవారికి సుమారు 43,760. ఈ మితి ఏటేట మారును. కార్డు పొంది 27 నెలలు పనిచేసినవారు స్థిరనివాసము కోరవచ్చును. జర్మను భాష తగినంత నేర్చినవారికి 21 నెలలే చాలును. మరియొక భాష నేర్చుటవలన ఆరు నెలలు కలిసివచ్చుట భాషోపాధ్యాయుడనైన నాకు ముచ్చటగా తోచినది.

ఇదంతయు చెప్పి, నా శిష్యుని మూడు ప్రశ్న లడిగితిని. యజమాని పేరేమి, అతడు వ్రాసియిచ్చిన నియామకపత్ర మేది? నీ కొడుకు చదువునకును ఆ పనికిని పొత్తు గలదా? ఈ సొమ్ము ఎవరికి, దేనికొరకు, రశీదు గలదా? ఒక్కదానికిని వానియొద్ద జవాబు లేదు. విదేశోద్యోగములకు జనులను కుదుర్చు ఏజెంటు 1983 నాటి వలస చట్టము ననుసరించి నమోదు పొందవలెనని వానికి తెలియనే తెలియదు. హైదరాబాదులోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయమున విచారింపుమని చెప్పితిని.

వాడు కాగితము మడిచి జేబులో పెట్టుకొని, కొంతసేపు మాటలాడక కూర్చుండి, వెడలిపోయెను. పొలము నేటికిని వానిదిగానే యున్నది. కుమారుడు హైదరాబాదులో పనిచేయుచు, జర్మను భాష నేర్చుకొనుచున్నాడు. వెళ్లునో, వెళ్లడో నేను చెప్పజాలను.

పిల్లలను పోవలదని నేననను. విద్య గలవానికి దూరదేశము లేదని మన పెద్దలే యన్నారు. పోవువాడు తన విద్యను మూలధనముగా గొని పోవలెను గాని, మీ పొలమును కాదు. మీ గ్రామమున ఎవరైన ఇట్టి కాగితముతో మీ సలహాకు వచ్చినచో, పై మూడు ప్రశ్నలును అడుగుడు. సెలవు.