ఎవరి ఇంద్రధనుస్సు వారిది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవానికి గుర్తుగా బడికి స్వాగత ద్వారం కట్టిద్దామని చాలామంది అంటున్నారు. నాది ఇంకో కోరిక. అది చెప్పేముందు, నేను చూసిన ఒక ప్రదర్శన గురించి నాలుగు మాటలు.

2019లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడి ప్రదర్శన చూశాను. ఆ భవనం ఒకప్పటి థర్మల్ విద్యుత్ కేంద్రం. 1981లో మూతపడి, 2000లో మ్యూజియంగా తెరుచుకుంది. యంత్రాలు పోయినా పెద్ద హాలును ఇప్పటికీ టర్బైన్ హాలనే అంటారు. పవర్ ప్లాంట్లలో పనిచేసినవాణ్ణి కదా, సొంత ఊరికి వచ్చినట్లనిపించింది.

ఒకచోట అన్నీ పసుపు దీపాలు. వాటి కాంతి ఒకే తరంగదైర్ఘ్యానిది. ఆ వెలుతురులో ఎర్ర చీరా, పచ్చ చొక్కా ఒకేలా బూడిద రంగులో కనిపిస్తాయి. వస్తువు రంగు దానిమీద పడే వెలుగునుబట్టి ఉంటుందని చదివిన పాఠం నా చేతిమీదే కనిపించింది.

ఇంకో గదిలో గోడంతా నాచు. పేరుకే నాచు, నిజానికి లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం. ఆరితే ముడుచుకుని వెలిసిపోతుంది. తడిపితే విచ్చుకుని గదంతా వాసన నింపుతుంది. తన చుట్టూ ఉన్న తేమ సంగతి ఆ గోడే చెబుతుంది.

చివరిగా ఒక చీకటి గది. 1993లో చేసిన 'బ్యూటీ' అనే కృతి. పైనుంచి సన్నని తుంపర, ఒక దీపం, అంతే. ఒకచోట నిలబడితే ఇంద్రధనుస్సు, రెండడుగులు జరిగితే మాయం. నీటిబిందువులోకి వెళ్లిన కాంతి వక్రీభవనం, పరావర్తనం చెంది, వచ్చిన దిశకు సుమారు 42 డిగ్రీల కోణంలో తిరిగొస్తుంది. ఆ దారిలో మన కన్ను ఉంటేనే రంగులు. పక్కపక్కనే నిలబడినా నాకు రంగులు పంపే బిందువులు వేరు, మా ఆవిడకు పంపేవి వేరు.

ఈ బొమ్మ మనమందరం పరీక్షలో గీసిందే. అందులో బిందువు ఉంది, కిరణం ఉంది. చూసే మనిషి లేడు. అక్కడి పిల్లలు మాత్రం ఎవరూ చెప్పకుండానే వంగి, లేచి, వెనక్కి జరిగి కోణం వెతుక్కుంటున్నారు. ప్రయోగమంటే అదే కదా!

అందుకే నా కోరిక. ద్వారానికి అనుకున్న డబ్బులో కొంత తీసి, బడిలో ఒక గదిని చీకటి చేయిద్దాం. చిన్న పంపు, సన్నని నాజిల్, ఒక దీపం చాలు. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉంటాయి కనుక తక్కువ వోల్టేజీ దీపం, ఎర్తింగ్, ట్రిప్ స్విచ్ బాధ్యత నాది.

ద్వారం మీద మన పేర్లుంటాయి, ఈ గదిలో ఉండవు. కానీ ఏదో ఒకరోజు ఆరో తరగతి పాప ఒకడుగు వెనక్కి వేసి, "సార్, ఇటు రండి, ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది" అని మాస్టారిని పిలుస్తుంది.

కమిటీ పెద్దలు ఆలోచించాలని మనవి. సెలవు.