దుకాణముల గ్యాసు పొయ్యి - పంచాయతీ పూచీ
(శ్రీముఖలింగమున పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగము)



మహాశివరాత్రికి మధుకేశ్వరుని సేవింప వేలాది జనము శ్రీముఖలింగము వచ్చుచున్నారు. చక్రతీర్థ స్నానమునాడు వంశధార ఒడ్డున కాలు మోప చోటుండదు. అంత జనమునకు తిండి పెట్టునవి తాత్కాలిక దుకాణములు. ఒకప్పుడు వానిలో కట్టెపొయ్యి మండెడిది. నేడు గ్యాసు మండుచున్నది.

గ్యాసు మనకు కొత్త కాదు. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకములు దానిని పేద ఇండ్లకు చేర్చినవి. ఏటా మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు దీపం-2 పథకము 2024 నవంబరు 1న మన జిల్లాలోని ఈదుపురముననే ఆరంభమైనది. అయితే అలవాటైన వస్తువుపట్లనే అశ్రద్ధ కలుగును.

ఈ గ్యాసు ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమము. ఇది గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక, నీటివలె పల్లమునకు ప్రాకి గుంటలలో నిలుచును. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసిన చాలు, నిప్పురవ్వకు అంటుకొనును. దీనికి స్వతస్సిద్ధమైన వాసన లేదు. కారినప్పుడు తెలియుటకై దుర్వాసన గల పదార్థమును కలుపుదురు. ఆ వాసనయే మనకు కావలివాడు.

మూతగల ఇనుప పెట్టెలో గ్యాసు మంటపై చెక్కముక్కలను రాజబెట్టి, ఆ పొగలో చేపను, మాంసమును గంటల తరబడి మగ్గబెట్టు పద్ధతి అమెరికాలో ఇంటి పెరళ్ళలో వాడుక. తీర్థమున కాకున్నను, రేపు మన రహదారి దుకాణములకైనను ఇది రావచ్చును. ఇందు అపాయము హెచ్చు. కట్టెపొగ గ్యాసు వాసనను కప్పివేయును. కావలివాని నోరు మూతపడును. సన్నని మంట గాలికి ఆరినచో గ్యాసు పెట్టెలో నిండును. మూత తీయక మరల వెలిగించిన, మంట ముఖముమీదికి ఎగయును. కనుక మంట ఆరినంతనే గ్యాసు కట్టి, మూత తెరచి, కొంతసేపు గాలి ఆడనిచ్చి, పిదపనే వెలిగింపవలెను. కారిన క్రొవ్వు అంటుకొన్నచో నీరు పోయరాదు. గ్యాసు కట్టి, ఇసుకనో పొడి రసాయనమునో చల్లవలెను. మూసిన గదిలో ఈ పని అసలే కూడదు. రాజుకొను చెక్కనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును.

ఇక మన పని. దుకాణమునకు స్థలమిచ్చునపుడే షరతులు చెప్పుడు. పందిరికి పందిరికి ఎడముండవలెను. టార్పాలిను గోడలు నేలదాక దించరాదు. సిలిండరు నిలువుగా, నిప్పుకు దూరముగా, గాలి తగులుచోట నుండవలెను, గుంటలో దింపరాదు. ఇంటి వాడుకకిచ్చిన 14.2 కిలోల సిలిండరు దుకాణమున వాడుట నిషిద్ధము. అతుకులవద్ద సబ్బునురుగు పూసి చూచుట రోజూ జరుగవలెను. బుడగలు లేచినచో కారుచున్నట్లే. అగ్గిపుల్ల గీసి చూచుట ప్రాణాపాయము. గొట్టముపై ముద్రించిన గడువు దాటెనేని మార్పింపుడు. గ్యాసు కారినచో 1906, అగ్ని ప్రమాదమునకు 101 అను నంబర్లను ప్రతి పందిటను పెద్ద అక్షరములలో వ్రాయింపుడు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినందున ఫలము లేదు. తీర్థమునకు ముందురోజున ఇద్దరు సభ్యులు ప్రతి దుకాణమును చూచి వచ్చుటకు పట్టునది ఒక్క పూట. ఆ పూటను నేడే నిర్ణయింపుడు.