ఉచితంగా ఇచ్చి సంపాదించడం

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు. మనకా తంటా లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌కు ప్రాణం మొదటిదే. కాబట్టి అమ్ముకోవడం తప్పు కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమాక్స్ ఎడిటర్‌ను టేపుల మీద ఎక్కించి, ఒక్కోటి 150 డాలర్లకు అమ్ముకునేవారు.

మీ ఫోన్లో ఉన్న ఎస్‌క్యూలైట్ సంగతి ఇంకా తమాషా. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్‌పై ఎవరికీ హక్కుల్లేవు. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఊరికే వచ్చిందంటే కంపెనీ వకీళ్లకు నమ్మకం కుదరదు కదా! అందుకే 'నిక్షేపంగా వాడుకోండి' అని భరోసా ఇచ్చే పత్రాన్ని ఆ బృందం డబ్బుకు అమ్ముతుంది. కోడ్ ఉచితం, దాన్ని పరీక్షించే సరంజామాలో ఒక ముఖ్యభాగం మాత్రం ఉచితం కాదు. పెద్ద సంస్థలు ఏటా సొమ్ము కట్టి సహాయం పొందుతాయి.

మైక్ పెర్హామ్ది మరో దారి. 2012లో వచ్చిన ఆయన సాఫ్ట్‌వేర్ సైడ్‌కిక్ ఉచితమే. అదనపు సౌకర్యాలున్న ప్రో రకానికి వెల ఉంది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు వాడే వ్యూ జేఎస్ సృష్టికర్త ఇవాన్ యూ 2016 నుంచి పేట్రియాన్ అనే వెబ్‌సైట్ ద్వారా అభిమానులిచ్చే చందాల అండతో పూర్తికాలం పనిచేశారు. అంత పేరు లేనివాళ్లకు చందాలు కాఫీ ఖర్చుకు సరిపోతే గొప్పే.

మన దేశంలో స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధా 2024లో ఇలాంటి ప్రాజెక్టులకు సాయపడే ఫ్లాస్ ఫండ్ ప్రారంభించి, ఏడాదికి 10 లక్షల డాలర్లు ప్రకటించింది. దరఖాస్తు చేయదలిస్తే, మీకు కావలసిన సాయం వివరాలతో ఫండింగ్ డాట్ జేసన్ అనే చిన్న ఫైలు సిద్ధం చేసుకోండి.